సంతకానికి ముందు

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కంపెనీలు, సొసైటీలు, రైతు కంపెనీల వ్యవహారాల మీద మీరు రాసే ఉత్తరాలకు ఈ శీర్షికలో జవాబులిస్తున్నాను. ఈసారి వచ్చినవాటిలో ఫలానా సెక్షన్ ఏం చెబుతుందని అడిగినవి తక్కువ. "ఎదురు చెప్పేదెట్లా మేడం" అని అడిగినవే ఎక్కువ. చాలా ఏళ్లు హైదరాబాద్‌లో కంపెనీ సెక్రటరీగా పనిచేశాను. అంటే బోర్డు మీటింగుల్లో ఓ చివర కూర్చుని ఎవరేం మాట్లాడారో, ఎవరు మాట్లాడలేదో చూస్తూ మినిట్స్ రాసే పని. ఇప్పుడు నల్లగొండ రామగిరిలో చిన్న ఆఫీసు పెట్టుకుని ఇక్కడి మిల్లులకూ సంఘాలకూ అదే పని చేస్తున్నాను. అద్దాల మేడలోనైనా మిల్లు గోడౌన్ పక్క గదిలోనైనా నేను చూసింది ఒకటే. చెడ్డ తీర్మానాలు చట్టం తెలియక పాసయ్యే దానికంటే మొహమాటానికి పాసయ్యేది ఎక్కువ. అందుకని ఈ నెల ఆ ఉత్తరాలే తీసుకున్నాను. పేర్లు వద్దన్నారు కాబట్టి ఊర్లు మాత్రం వేస్తున్నాను.

*

ప్రశ్న: మాది మిర్యాలగూడ. నాన్న పెట్టిన రైస్ మిల్లును ప్రైవేట్ లిమిటెడ్ చేసుకున్నాం. అన్న ఎండీ. నేను, మా బావ డైరెక్టర్లం. అన్న కొడుకు హైదరాబాద్ శివార్లలో భాగస్వాములతో కలిసి వెంచర్ వేశాడు. ప్లాట్లు అమ్ముడుపోవట్లేదు. నిరుడు మిల్లు నుంచి కొంత సర్దాం. ఇప్పుడు మళ్లీ రెండు కోట్లు ఇద్దామంటున్నాడు అన్న. మాకు బోర్డు మీటింగంటే ఆదివారం అందరం అన్నం తిన్నాక, ఆడిటర్ ఆఫీసు నుంచి వచ్చిన కాగితాల మీద సంతకాలు పెట్టడమే. నాన్న పోయాక నన్ను చదివించింది అన్నే. ఆయన ముందు కాదనలేను. మీటింగుకు పోకుండా ఉంటే నాకు బాధ్యత తప్పుతుందా?

జవాబు: తప్పదు తమ్ముడూ. పన్నెండు నెలల్లో జరిగిన బోర్డు మీటింగుల్లో ఒక్కదానికీ పోకపోతే, సెలవు అడిగినా అడగకపోయినా, డైరెక్టర్ పదవి దానంతట అదే పోతుంది. పదవి పోయినంత మాత్రాన బ్యాంకుకు మీరిచ్చిన వ్యక్తిగత గ్యారంటీ పోదు. మిల్లు క్యాష్ క్రెడిట్ కాగితాల మీద మీ సంతకం ఉంటుంది, బహుశా మా మరదలిది కూడా ఉండే ఉంటుంది. కాబట్టి ఇంట్లో కూర్చుంటే గండం గడవదు.

ఇక అప్పు సంగతి. కంపెనీల చట్టం 2013లో 185వ సెక్షన్ ప్రకారం డైరెక్టరుకు గానీ, ఆయన బంధువుకు గానీ, ఆ బంధువు భాగస్వామిగా ఉన్న ఫర్ముకు గానీ కంపెనీ అప్పివ్వకూడదు. వాళ్లు వేరేచోట తెచ్చుకున్న అప్పుకు హామీ కూడా ఉండకూడదు. కొడుకు బంధువే, అందులో అనుమానం లేదు. ప్రైవేటు కంపెనీలకు 2015 జూన్‌లో మినహాయింపు ఇచ్చారు గానీ మూడు షరతులు పెట్టారు. కంపెనీలో వేరే కంపెనీ పెట్టుబడి ఉండకూడదు. పాత అప్పుల చెల్లింపులో డిఫాల్ట్ ఉండకూడదు. బ్యాంకుల నుంచి, ఇతర కంపెనీల నుంచి తెచ్చిన అప్పు మూలధనానికి రెండింతల కన్నా, 50 కోట్ల కన్నా తక్కువ ఉండాలి. సీజన్లో వడ్లు కొనడానికి అప్పు తెచ్చే మిల్లులు చాలావరకు ఆ మూడో షరతు దగ్గరే ఆగిపోతాయి. దాటి ఇస్తే కంపెనీకి 5 లక్షల నుంచి 25 లక్షల దాకా జరిమానా. బాధ్యులైన డైరెక్టర్లకు ఆరు నెలల దాకా జైలైనా పడొచ్చు, అంతే జరిమానా అయినా పడొచ్చు. అప్పు తీసుకున్నవాళ్లకూ శిక్ష ఉంది. నిరుడు సర్దింది కూడా ఇందులోకి వస్తుందేమో మీ ఆడిటర్‌ను ఈ వారమే అడగండి.

చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా మీ ఇంట్లో ఆ కాగితం మీద సంతకాలు పడుతున్నాయంటే ఎందుకో చూడండి. అప్పుడే వదిన చేతి వంట తిని లేచారు. గోడ మీద నాన్న ఫోటో. పక్క గదిలో పిల్లల గోల. అన్న పెన్ను మూత తీసి మీ చేతికిచ్చాడు. ఆ గదిలో మీరు డైరెక్టర్ కారు, ఇంటి చిన్నోడు. అక్కడ ఎవరున్నా సంతకం పెడతారు, నేనైనా పెడతాను.

కాబట్టి ముందు గది మార్చండి. మీటింగు మిల్లు ఆఫీసులో పెట్టమనండి. బోర్డు మీటింగుకు ఏడు రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలని చట్టమే చెబుతోంది కాబట్టి అది మీ కోరికలా ఉండదు. "ఆడిటర్ గట్టిగా చెప్పాడన్నా" అంటే సరిపోతుంది. నోటీసుతో పాటు రెండు లెక్కలు కాగితం మీద రావాలి. ఒకటి, వెంచర్‌లో ఇప్పటిదాకా ఎంత పడింది, ఎన్ని ప్లాట్లు అమ్మారు, ఎన్ని మిగిలాయి. రెండు, సీఎంఆర్ (సర్కారు వడ్లు మర ఆడించి బియ్యంగా అప్పజెప్పే పని) కింద మిల్లులో దింపుకున్న వడ్లెన్ని, ఇంకా అప్పజెప్పాల్సిన బియ్యమెంత. పచ్చి బియ్యమైతే క్వింటాలు వడ్లకు 67 కిలోలు, బాయిల్డ్ అయితే 68 కిలోలు లెక్క కట్టి ఇవ్వాలని మీకు నేను చెప్పేదేముంది. ఆ వడ్లు సర్కారువి. మిల్లు పైకం ప్లాట్లలో ఇరుక్కున్నప్పుడు బియ్యం గడువు మీద పడితే మిల్లర్లు ఎక్కడిదాకా పోతారో మీ జిల్లాలో చూస్తూనే ఉన్నారు. ఆ రెండు లెక్కలు పక్కపక్కన పెడితే మీరు నోరు తెరవక ముందే సగం మాట కాగితమే చెప్పేస్తుంది.

అన్న తప్పకుండా ఒక మాట అంటాడు. "ఇప్పుడు ఇవ్వకపోతే నిరుడు ఇచ్చింది కూడా పోతదిరా." మునిగినవాడికి చలేమిటి అన్నట్టు ఉంటుంది ఆ వాదన, వినడానికి బాగానే ఉంటుంది. 1976లో బ్యారీ స్టా అనే అమెరికన్ పరిశోధకుడు బిజినెస్ విద్యార్థులకు ఒక ఉత్తుత్తి కంపెనీ లెక్కలిచ్చి డబ్బు పంచమన్నాడు. మొదట తాము ఎంచుకున్న విభాగమే నష్టాల్లో పడిందని తెలిసినవాళ్లు దానికే ఇంకా ఎక్కువ డబ్బు కేటాయించారు. ఆ మొదటి నిర్ణయం వేరేవాళ్లదైతే మాత్రం అంత పోయలేదు. అన్నకు ఆశ అనుకోకండి. నిరుటి నిర్ణయం తనది, అది తప్పని ఒప్పుకోవడం కష్టంగా ఉంది. "నువ్వు తప్పు చేశావు" అనే అర్థం వచ్చేట్టు మాట్లాడితే ఆ రెండు కోట్లు ఆ రోజే వెళ్లిపోతాయి.

అందుకే ఇట్లా చెప్పి చూడండి: "అన్నా, కంపెనీ నుంచి ఇస్తే ముందు కేసు నీ మీదే పడతది, ఎండీవి నువ్వు. బ్యాంకోళ్లను అడిగి డివిడెండ్ తీద్దాం. నీ వాటా నువ్వు తీసుకుని పిల్లగానికి నీ చేత్తోనే ఇయ్యి." డబ్బు ఆయనదైతే ఆయన ఎంత జాగ్రత్తగా లెక్కపెడతాడో మీరే చూస్తారు.

ఇంకో చిట్కా. మీటింగులో ముందు బావను మాట్లాడమనండి, తర్వాత మీరు, చివర్లో అన్న. పెద్దాయన ముందే తన మనసులో మాట చెప్పేస్తే తర్వాత వచ్చేదంతా భజనే. సైనిక కోర్టుల్లో తీర్పు చెప్పేటప్పుడు అందరికంటే చిన్న ర్యాంకు అధికారి మొదట అభిప్రాయం చెప్పాలనే నియమం ఊరికే పెట్టలేదు.

ఇంత చేసినా తీర్మానం పాసైతే, "నేను సమ్మతించలేదు" అని మినిట్స్‌లో మీ పేరుతో రాయించండి. అట్లా రాయాలని 118వ సెక్షన్లో ఉంది. ఎవరి దయా అక్కర్లేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు గానీ, బోర్డులో అది పూర్తి అంగీకారమే.

*

ప్రశ్న: నల్లగొండలో కామర్స్ లెక్చరర్‌గా రిటైరయ్యాను. క్లాసులో ఎన్నోసార్లు సత్యం కంప్యూటర్స్ గురించి చెప్పాను గానీ, పిల్లలు అడిగిన ఒక ప్రశ్నకు నాకే సరైన జవాబు దొరకలేదు. అంత చదువుకున్నవాళ్లు, అంత పెద్ద పదవులు చేసినవాళ్లు ఆ బోర్డులో కూర్చుని ఏం చూసినట్టు?

జవాబు: సార్, మీ పిల్లలు మంచి ప్రశ్న వేశారు. ఆ బోర్డులో విదేశీ విశ్వవిద్యాలయ ప్రొఫెసర్, పేరున్న బిజినెస్ స్కూల్ డీన్, కేంద్రంలో క్యాబినెట్ సెక్రటరీగా చేసిన ఆయన ఉన్నారు. 2008లోనే ఆ కంపెనీకి కార్పొరేట్ గవర్నెన్స్‌కు గాను గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది, తర్వాత వెనక్కి తీసుకున్నారు. నియమాల కొరత లేదు, మనుషుల కొరత అంతకన్నా లేదు.

సత్యం కథను రెండుగా విడదీసి చూడాలని నా అభిప్రాయం. ఒకటి దొంగ లెక్కలు. 2009 జనవరి 7న కంపెనీ చైర్మన్ రామలింగరాజు రాసిన ఉత్తరంలో, లెక్కల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవని ఒప్పుకున్నాడు. అది దాచిపెట్టిన మోసం. ఆడిటర్లు సంతకం చేసి పెట్టిన అంకెలు చూసి డైరెక్టర్లు నమ్మారంటే వాళ్లను కొంతవరకు అర్థం చేసుకోవచ్చు.

కానీ దానికి మూడు వారాల ముందు, 2008 డిసెంబర్ 16న జరిగిన బోర్డు మీటింగులో దాచిందేమీ లేదు. రాజు కుటుంబానికి చెందిన మేటాస్ ప్రాపర్టీస్ (రియల్ ఎస్టేట్), మేటాస్ ఇన్‌ఫ్రా (నిర్మాణాలు) కంపెనీలను సత్యం డబ్బుతో దాదాపు 160 కోట్ల డాలర్లకు కొనాలని ప్రతిపాదన. కంపెనీలు ఎవరివో అందరికీ తెలుసు. సాఫ్ట్‌వేర్ కంపెనీకి భూములతో పనేమిటన్న సంగతి కూడా చిన్నపిల్లవాడికి తట్టేదే. ప్రశ్నలు వేశారు, చర్చించారు, చివరికి ఆమోదించారు. ఆ వార్త బయటకు రాగానే న్యూయార్క్ మార్కెట్లో షేరు సగానికి పైగా పడిపోయింది, మదుపరులు గగ్గోలు పెట్టారు, కొన్ని గంటల్లోనే ప్రతిపాదన వెనక్కి పోయింది. బయట ఉన్నవాళ్లకు గంటల్లో కనిపించింది గదిలో ఉన్నవాళ్లకు కనిపించకనా? కనిపించింది కాబట్టే ప్రశ్నలు వేశారు. ప్రశ్న వేయడం వరకు పెద్దమనిషి తరహాలో ఉంటుంది. జవాబు నచ్చలేదని చెప్పి ఓటు ఆపడం దగ్గరకొచ్చేసరికి పక్కవాళ్ల ముఖాలు చూస్తాం.

నేను మినిట్స్ రాసిన గదుల్లో ఇది ఎట్లా ఉండేదో చెబుతాను. కాగితాలు ముందురోజు రాత్రి వచ్చేవి, మూడు అంగుళాల మందం ఫైలు. చైర్మన్ "ఎనీ కామెంట్స్?" అంటాడు, అంటూనే తర్వాతి పేజీ తిప్పుతాడు. ఒకాయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటాడు. ఇంకొకాయన జీడిపప్పు ప్లేటు తన వైపు జరుపుకుంటాడు. ఆ రెండు సెకన్లలో ఎవరూ మాట్లాడకపోతే "నోటెడ్ అండ్ అప్రూవ్డ్". టీ విరామంలో వరండాలో మాత్రం అదే విషయం మీద ముగ్గురు గుసగుసలాడుకునేవారు. ముగ్గురికీ ఒకటే అనుమానం, కానీ మిగతావాళ్లకు అభ్యంతరం లేదనుకుని ఎవరికి వారే ఊరుకున్నారు. వరండాలో మాట్లాడింది మినిట్స్‌లోకి రాదు.

మనస్తత్వ శాస్త్రంలో దీని మీద పాత ప్రయోగం ఒకటి ఉంది. 1950ల మొదట్లో అమెరికాలో సోలమన్ ఆష్ అనే ఆయన కొంతమందికి ఒక గీత చూపించి, పక్కనున్న మూడు గీతల్లో దానికి సమానమైనదేదో చెప్పమన్నాడు. కళ్లున్న ఎవరైనా చెప్పగలిగేదే. అయితే గదిలో ఒక్కడు తప్ప మిగతా అందరూ ఆయన మనుషులే. వాళ్లు కావాలని ఒకే తప్పు జవాబు చెప్పేవారు. అట్లాంటప్పుడు ఆ ఒక్కడు దాదాపు మూడోవంతు సార్లు వాళ్ల తప్పునే తన జవాబుగా చెప్పాడు. పాల్గొన్నవాళ్లలో ముప్పాతిక మంది కనీసం ఒక్కసారైనా అట్లా చెప్పారు. గీతల దగ్గరే ఇట్లా ఉంటే, ఏటా లక్షల రూపాయల ఫీజు, చుట్టూ తనకన్నా పేరున్నవాళ్లు, ఎదురుగా వేలమందికి ఉద్యోగాలిచ్చిన మనిషి ఉన్నప్పుడు ఎట్లా ఉంటుందో ఊహించుకోండి. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అనిపించుకోవడానికి ప్రొఫెసర్లకైనా భయమే.

సత్యం తర్వాత వచ్చిన 2013 చట్టం కొన్ని మంచి పనులు చేసింది. లిస్టెడ్ కంపెనీ (షేర్ మార్కెట్లో షేర్లున్న కంపెనీ) బోర్డులో కనీసం మూడోవంతు ఇండిపెండెంట్ డైరెక్టర్లు, అంటే యాజమాన్యంతో సంబంధం లేని బయటివాళ్లు, ఉండాలి. ఐదేళ్ల విడతలు వరుసగా రెండుకు మించకూడదు. వీటన్నిటికన్నా నాకు ఎక్కువ నచ్చింది ఎవరూ పెద్దగా మాట్లాడనిది: ఇండిపెండెంట్ డైరెక్టర్లు ఏడాదికి ఒక్కసారైనా యాజమాన్యం వాళ్లెవరూ లేకుండా విడిగా కూర్చోవాలన్న నియమం. వరండా మాటలకు ఒక గది, ఒక కుర్చీ ఇచ్చారన్నమాట. చాలా కంపెనీల్లో అది కూడా అరగంటలో టీ తాగి లేచే తంతుగా మారింది, అది వేరే సంగతి.

*

ప్రశ్న (కూతురితో రాయించిన ఉత్తరం): మాది మక్తల్ దగ్గర పల్లె. మహిళా సంఘంలో ఉన్నానని నన్ను మా రైతు కంపెనీలో డైరెక్టర్‌ని చేశారు. పది మందిలో ఆడవాళ్లం ఇద్దరమే. మీటింగుకు పోతే తలుపు దగ్గర కుర్చీలు మావి. సంచులు, టార్పాలిన్లు, స్ప్రేయర్లు అన్నీ చైర్మన్ బామ్మర్ది దుకాణం నుంచే కొంటున్నారు. బయట ఇంకా తక్కువకు దొరుకుతున్నాయని మా ఊర్లో రైతులు నన్ను అడుగుతున్నారు. సీఈఓ పిల్లగాడు రిజిస్టర్ తెచ్చి "ఇక్కడ పెట్టు పెద్దమ్మా" అంటాడు. పెడుతున్నాను. నేను అడగొచ్చా? అడిగితే తీసేస్తారా?

జవాబు: అక్కా, అడగొచ్చు. అడగడానికే మిమ్మల్ని అక్కడ కూర్చోబెట్టారు, వాళ్లకు ఆ సంగతి గుర్తులేకపోయినా సరే.

ముందు మీ కంపెనీ సంగతి. రైతు కంపెనీలకు చట్టంలో విడిగా ఒక అధ్యాయమే ఉంది. ఐదుగురి నుంచి పదిహేను మంది దాకా డైరెక్టర్లు ఉంటారు. రైతులే సభ్యులైన మీలాంటి కంపెనీలో ఎన్ని షేర్లున్నా ఒక మనిషికి ఒకే ఓటు. అంటే చైర్మన్ గారి ఓటు ఎంతో మీ ఓటూ అంతే. సీఈఓ జీతానికి పనిచేసే మనిషి, బోర్డు చెప్పినట్టు వినాల్సింది ఆయన. ఇంకొకటి జాగ్రత్తగా వినండి. చట్టానికో కంపెనీ నియమావళికో విరుద్ధమైన తీర్మానానికి ఓటేసిన డైరెక్టర్లు, దానివల్ల వచ్చిన నష్టాన్ని అందరూ కలిసీ విడివిడిగానూ పూడ్చాలని ఆ అధ్యాయంలో ఉంది. "నాకు తెలియదు, పెట్టమన్నారు పెట్టాను" అంటే నడవదు. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పట్లేదు. రేపు ఎవరైనా "నీకెందుకమ్మా ఇవన్నీ" అంటే, "నష్టమొస్తే నా దగ్గరా వసూలు చేస్తారంట కదా" అని అనడానికి చెబుతున్నాను.

బామ్మర్ది సంగతి తమాషాగా ఉంది. కంపెనీల చట్టం బంధువులంటే ఎవరో జాబితా ఇచ్చింది. భార్య, భర్త, తల్లి, తండ్రి, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, ఉమ్మడి కుటుంబంలోనివాళ్లు. బామ్మర్ది అందులో లేడు! ఈ జాబితా రాసినవాళ్లు పాలమూరులో ఒక్క పెళ్లికైనా వచ్చి ఉంటే ఆ పొరపాటు చేసేవాళ్లు కాదు. ఆ దుకాణంలో చైర్మన్‌కు సొంత వాటా ఉంటే మాత్రం బోర్డుకు చెప్పి రాయించాల్సిందే. లేకపోతే ఆయన "చట్ట ప్రకారం తప్పేముంది" అంటాడు, అనొచ్చు కూడా. కాబట్టి మీరు బామ్మర్ది మాటే ఎత్తకండి. ఎత్తితే గొడవ మనుషుల మీదకు పోతుంది, పల్లెల్లో ఆ గొడవ పదేళ్లు ఉంటుంది. "ఇరవై వేలు దాటిన ఏ కొనుగోలుకైనా మూడు కొటేషన్లు తేవాలి, మూడూ మీటింగులో చదవాలి" అని ఒక తీర్మానం పెట్టమనండి. దాన్ని కాదనడానికి చైర్మన్‌కు మొహం చెల్లదు. ఇక్కడ మొహమాటం మీ వైపు పనిచేస్తుంది.

ఒక్కరే అడగొద్దు. లెక్చరర్ గారికి చెప్పిన గీతల ప్రయోగంలో ఇంకో ముక్క ఉంది. గదిలో ఇంకొక్క మనిషి నిజం చెప్పినా చాలు, మొదటివాడు గుంపు తప్పుకు తలూపడం బాగా తగ్గిపోయింది. మీ బోర్డులో రెండో ఆమె ఉంది కదా. ముందురోజు సాయంత్రం ఆమె ఇంటికి పోండి. మీరు అడుగుతారు, ఆమె వెంటనే "అవును, నేనూ అదే అడుగుదామనుకున్నా" అనాలి. అంతే, ఇంకేం మాట్లాడనక్కర్లేదు. ఇద్దరూ తలుపు దగ్గర కాకుండా ఎదురెదురుగా కూర్చోండి. పక్కపక్కన కూర్చుంటే ఇద్దరినీ కలిపి ఒకేసారి ఊరుకోబెడతారు.

రిజిస్టర్ వచ్చినప్పుడు "బిడ్డా, చదివి వినిపించు" అనండి. చదువు రాదని సిగ్గుపడకండి. నాకు చదువొచ్చు, నేనూ చదివించుకునే సంతకం పెడతాను. చదువుతుంటే గదిలో అందరికీ వినపడుతుంది, అదీ లాభం.

తీసేస్తారా అన్నారు. మిమ్మల్ని ఎన్నుకునేది సభ్యులైన రైతులు, చైర్మన్ కాదు. ఊర్లో మిమ్మల్ని అడుగుతున్న రైతులే రేపు సర్వసభ్య సమావేశంలో ఓటేసేది.

ఆడవాళ్లను పేరుకే వేయడం మీ దగ్గరే మొదలవలేదు. లిస్టెడ్ కంపెనీల్లో కనీసం ఒక మహిళా డైరెక్టర్ ఉండాలన్న నియమానికి 2015 ఏప్రిల్ 1 గడువు పెట్టినప్పుడు, చాలా కంపెనీలు యజమానుల భార్యలనో కూతుళ్లనో వేసుకుని చేతులు దులుపుకున్నాయి. అందుకే షేర్ మార్కెట్లను నియంత్రించే సెబీ తర్వాత బయటి మహిళ ఉండాలని, 2019 నుంచి మార్కెట్ విలువలో మొదటి 500 కంపెనీలకు, 2020 నుంచి మొదటి 1000 కంపెనీలకు పెట్టింది. అయితే ఇంట్లోవాళ్లంతా ఉత్సవ విగ్రహాలే అనుకోవడం కూడా సరికాదు. నేను చూసిన ఒక కంపెనీలో యజమాని తమ్ముడి భార్యను అట్లాగే వేశారు. కొన్ని మీటింగులు ఒక్క మాట మాట్లాడలేదు. ఒకరోజు ఖర్చుల పట్టిక మీద వేలు పెట్టి, "ఈ గోడౌన్ మనదే కదా, మరి దీనికి అద్దె ఎవరికి కడుతున్నాం?" అంది. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఫైనాన్స్ చూసే ఆయన గ్లాసెడు నీళ్లు తాగాడు. మీటింగయ్యాక పెద్దాయన నా దగ్గరకొచ్చి, "ఆ మాట మినిట్స్‌లో వద్దులేమ్మా, ఆమెకు తెలియక అడిగింది" అన్నాడు. "తెలియకే అడిగారు సార్, ఇంకా ఎవరికీ తెలియలేదు" అని, అడిగింది అడిగినట్టే రాశాను. ఆ అద్దె తర్వాతి మూడు నెలల లెక్కల్లో కనిపించలేదు.

*

ప్రశ్న: సూర్యాపేట నుంచి. నా దగ్గర ఒక పెద్ద కంపెనీ షేర్లు నలభై ఉన్నాయి. ఓటు వేయమని ఈమెయిల్ వస్తుంది. నలభై షేర్ల ఓటుతో ఏమవుతుంది?

జవాబు: ఒక్క నలభైతో ఏమీ కాదు. అయినా ఐదు నిమిషాల పని, ఫోన్‌లోనే ఈ-ఓటింగ్ చేయొచ్చు. 2021 ఆగస్టులో ఐషర్ మోటార్స్ ఎండీ పునర్నియామకం, జీతం ఒకే తీర్మానంగా పెడితే 75 శాతం ఓట్లు కావాల్సిన చోట 73 శాతమే వచ్చి ఓడిపోయింది. తర్వాత జీతం షరతులు మార్చి మళ్లీ తెచ్చి గెలిపించుకున్నారు. అక్కడ కాదన్నది ఎక్కువగా పెద్ద మదుపు సంస్థలే. కానీ తేడా ఎంత సన్నగా ఉందో చూడండి. ఓటేసే ముందు వార్షిక నివేదికలో డైరెక్టర్ల హాజరు పట్టిక ఒకటి ఉంటుంది, అది చూడండి. మీటింగులకు సగం కూడా రాని మనిషిని మళ్లీ వేయమని అడిగితే "వద్దు" నొక్కడానికి ఇంకే కారణమూ అక్కర్లేదు.

*

ప్రశ్న: జడ్చర్లలో ఫార్మా కంపెనీలో ఇంజినీర్‌ని. ఇండిపెండెంట్ డైరెక్టర్ కావాలంటే ఏదో పరీక్ష ఉందట. రాస్తే అవకాశాలు వస్తాయా?

జవాబు: పరీక్ష ఉంది. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కార్పొరేట్ అఫైర్స్ నడిపే డేటాబ్యాంక్‌లో పేరు నమోదు చేసుకుని, రెండేళ్లలోగా ఆన్‌లైన్‌లో రాయాలి. 50 శాతం మార్కులొస్తే పాస్. చదివే అలవాటుంటే కష్టమేమీ కాదు. అవకాశాలు మాత్రం మార్కులు చూసి రావు, ఎవరో ఒకరు మీ పేరు చెబితే వస్తాయి. మీ పేరు చెప్పింది యజమానే అయితే మొదటి మీటింగు నుంచే ఆయనకు మీరు బాకీ పడ్డట్టు. మీటింగుకు లక్ష రూపాయల దాకా సిట్టింగ్ ఫీజు ఇవ్వొచ్చని నిబంధన ఉంది. ఆ డబ్బు మీ ఇంటి ఖర్చుకు అవసరమైతే ఆ కుర్చీలో కూర్చోకండి, "నో" అనడానికి నోరు రాదు.

అలవాటు చేసుకోవాలంటే చిన్నచోట మొదలుపెట్టండి. రైతు కంపెనీలు తమ బోర్డులో ఐదోవంతుకు మించకుండా బయటి నిపుణులను డైరెక్టర్లుగా తీసుకోవచ్చని చట్టంలో ఉంది. ఛైర్మన్ ఎన్నికలో వాళ్లకు ఓటు ఉండదు, లెక్కలు అడగడానికి మాత్రం అడ్డం లేదు. బ్యాలెన్స్ షీటు చదవగల మనిషి దొరకక ఇబ్బంది పడే కంపెనీలు మీ చుట్టుపక్కల మండలాల్లో ఉన్నాయి. పోయి అడగండి. సిట్టింగ్ ఫీజు చాయ్, మిర్చి బజ్జీ దాటదు, బస్ చార్జీలు ఇస్తారో లేదో మాత్రం ముందే కనుక్కోండి.